బియ్యం చేరింది, పొయ్యి వెలగలేదు: 2020 లాక్‌డౌన్‌లో రేషన్ కిట్లు పంచిన అనుభవం

2020 మార్చి చివరి వారం నుంచి జూన్ మొదటి వారం దాకా హైదరాబాద్ పడమటి అంచున, నానక్‌రాంగూడ, పుప్పాలగూడ, నార్సింగి, కోకాపేట చుట్టుపక్కల ఆగిపోయిన వలస కూలీలకు సరుకులు చేరవేశాం. పదిహేను మందిమి. ఎక్కడ ఎన్నాళ్లు ఆగాల్సి వచ్చిందో, దేనికెంత ఖర్చయిందో, మా ఏ తప్పు వల్ల ఎవరు పస్తున్నారో జరిగిన వరుసలోనే రాస్తున్నాను. ఇలాంటి పని నెత్తినేసుకునేవాళ్లకు ముందే తెలిసి ఉండాల్సినవి ఇవి.

మార్చి 24 రాత్రి దేశమంతటికీ లాక్‌డౌన్ ప్రకటించారు. 27న మాకు మొదటి జాబితా అందింది. ఒక మేస్త్రీ వాట్సాప్‌లో పంపిన ఫొటో అది: నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం, 64 పేర్లు, కింద ఒకే ఒక్క ఫోన్ నంబరు. 30వ తేదీకి అలాంటివి పదకొండు వచ్చాయి. అన్నీ కలిపి 612 వరుసలు.

పేర్లను బట్టి ఏరితే ఏమీ తేలదు. ఒకే మనిషి ఒక జాబితాలో ఇంటిపేరుతో, ఇంకో జాబితాలో ఊరిపేరుతో ఉంటాడు. అందుకని ఫోన్ నంబరును బట్టి ఏరాం. ముందుగా ప్రతి నంబరులో మధ్య ఖాళీలు, మొదట్లో ఉన్న సున్నా, 91 తీసేసి చివరి పది అంకెలే ఉంచాలి. లేకపోతే ఎక్సెల్ ఒక్క నంబరునే మూడుగా చూపిస్తుంది. ఒక రాత్రంతా కూర్చుంటే 612 కాస్తా 438కి వచ్చింది. మాకు అది ఘనకార్యంలా అనిపించింది. అందులోనే పెద్ద తప్పు జరిగిపోయింది. ఎనిమిది మంది ఉండే గదిలో ఒక్కరికే ఫోన్ ఉంది, అందరూ ఆ నంబరే రాయించారు. మేం ఏడు వరుసలు కొట్టేసి ఒకటి ఉంచాం. ఆ గదికి మొదటి విడతలో ఒక్క కిట్టే వెళ్లింది. నాలుగు రోజుల తర్వాత గానీ సంగతి మాకు తెలియలేదు. ఇన్నేళ్లయినా ఆ నాలుగు రోజులు గుర్తొస్తే మనసు ముడుచుకుపోతుంది. ఆ తర్వాత మనుషుల పేర్లు రాయడం మానేసి, జాబితాలో ఒక్కో వరుసకు ఒక్కో పొయ్యిని లెక్కగట్టాం. ఆ పొయ్యి మీద వండింది ఎంతమంది తింటారో పక్క గడిలో.

బండి పాస్‌కు మార్చి 29న దరఖాస్తు పెడితే ఏప్రిల్ 1 సాయంత్రం వచ్చింది. పాస్ మీద బండి నంబరుతో పాటు డ్రైవరు పేరు కూడా ఉండేది. మూడో రోజున డ్రైవరుకు జ్వరం వచ్చి ఇంకొకరు నడిపితే పోలీసు నాకా దగ్గర గంటన్నర నిలబెట్టేశారు. ఒక్కో బండికి ఇద్దరు డ్రైవర్ల పేర్లతో ముందే రెండు పాసులు అడగాలి. అప్పట్లో నగరంలో మూడు పోలీసు కమిషనరేట్లుండేవి. సరుకు కొనే చోటు ఒకదాని కింద, గోదాము ఇంకోదాని కింద ఉంటాయి. దరఖాస్తులో రెండు చోట్లూ, మధ్య దారీ రాస్తేనే దారిలో ప్రశ్నలు తగ్గుతాయి.

టోకు బజారులో సరుకుకు కరువు రాలేదు. ఎత్తేవాళ్లకే కరువు. హమాలీల్లో చాలామంది ఊళ్లకు వెళ్లిపోయారు, ఉన్నవాళ్లకు బజారు దాకా వచ్చే బస్సు లేదు. రెండు టన్నుల బియ్యం, కందిపప్పు, నూనె డబ్బాలు డీసీఎం వ్యానులోకి ఎక్కించడానికి మామూలుగా గంట చాలు. ఆ రోజు ఐదు గంటలు పట్టింది. నడుముకు బెల్టు లేకుండా యాభై కిలోల బస్తా ఎత్తబోయి మాలో ఇద్దరు వారం పాటు మంచం పట్టారు. మీరే ఎత్తాల్సి వస్తే 25 కిలోల బస్తాలు అడగండి. కిలోకు రూపాయి ఎక్కువైనా సరే.

మొదటి కిట్ ఇలా కట్టాం: బియ్యం 10 కిలోలు, కందిపప్పు 2, లీటరు నూనె, ఉప్పు కిలో, కారం 200 గ్రాములు, పసుపు 100 గ్రాములు, ఉల్లిగడ్డలు 2 కిలోలు, ఆలుగడ్డలు 2, సబ్బులు రెండు. నలుగురికి పది, పన్నెండు రోజులొస్తుందని అంచనా. బజారు బియ్యం కిలో 38 చొప్పున సంచితో కలిపి కిట్‌కు 905 రూపాయలు పడింది. బరువు పద్దెనిమిదిన్నర కిలోలు. ఈ బరువును ముందే లెక్కేసుకోవాలి. ట్రాలీ ఆటో 750 కిలోలు మోస్తుంది, అంటే 40 కిట్లు. రోజుకు రెండు ట్రిప్పులు, అద్దె 1,800. కిట్‌కు 22 రూపాయల రవాణా ఖర్చు. ఇంకో పది కిట్లు కుక్కుదామని చూస్తే కోకాపేట వైపు మట్టి రోడ్డులో వెనక టైరు పేలింది. ఆ రోజుల్లో పంక్చరు షాపు ఎక్కడ తెరిచి ఉంటుంది? పదకొండు గంటలకు పేలిన టైరు సాయంత్రం ఐదింటికి గానీ మారలేదు.

కిట్ కట్టడంలో చిన్న విషయాలే ఎక్కువ చెడగొడతాయి. నూనె పాకెట్ బియ్యం కింద పడితే పగులుతుంది, సంచి మొత్తం పాడవుతుంది. అది అన్నిటికంటే పైన ఉండాలి. సబ్బు పిండి పక్కన రెండు రోజులుంటే రొట్టె సబ్బు వాసన కొడుతుంది, కాబట్టి సబ్బును ఉప్పు పాకెట్ వైపు పెట్టి మధ్యలో ఇంకో కవరు వేయాలి. ఉల్లిగడ్డలు మూతి కట్టిన ప్లాస్టిక్ సంచిలో ఏప్రిల్ ఎండకు రెండో రోజే చెమర్చి మెత్తబడతాయి. వాటిని జాలీ సంచిలో విడిగా ఇవ్వాలి. ఎనిమిది మంది వరసగా నిలబడి సంచిని చేయి మారుస్తూ పోతే గంటకు అరవై కిట్లు తయారవుతాయి. పని ఆగేది కాటా దగ్గరే. రెండు కాటాలుంటే తొంభై అవుతాయి.

ఏప్రిల్ 2న మొదటి బండి కదిలింది. 6వ తేదీకి 310 కిట్లు ఇచ్చేశాం. అంతా బాగానే జరుగుతోందనుకున్నాం. అందినట్టు రూఢి చేసుకుందామని 7న ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాం.

నాలుగో ఫోన్‌కే ఒకతను, "బియ్యం అలాగే ఉంది భయ్యా, గ్యాస్ లేదు," అన్నాడు. బిహార్ కుర్రాడు, గదిలో ఆరుగురు. సంచి ముడి విప్పనే లేదట. పక్కింటివాళ్లిచ్చిన అటుకులు నానబెట్టుకుని తింటున్నారు. మాకు నోట మాట రాలేదు. ఆ రోజు దొరికిన 180 నంబర్లలో 41 పొయ్యిలది ఇదే గోడు. ఈ గదుల్లో ఉండేవి 5 కిలోల చిన్న సిలిండర్లు. వీధి చివరి దుకాణంలో కిలో, రెండు కిలోలు నింపించుకుంటారు. లాక్‌డౌన్‌తో ఆ దుకాణాలు మూతబడ్డాయి. ఇంటి పేరు మీద కనెక్షన్ లేదు కాబట్టి ఏజెన్సీకి వెళ్లే దారీ లేదు. సైట్లలో ఉండేవాళ్లు షట్టరింగ్ చెక్కముక్కలు ఏరుకుని వండుకుంటున్నారు, గదుల్లో ఉన్నవాళ్లకు అదీ లేదు. 310 కిట్లు ఇచ్చాం, గ్యాస్ ఉందా అని ఒక్కరినీ అడగలేదు.

దీనికి దొరికిన మార్గం ఉమ్మడి వంట. వీధికొకటి చొప్పున ఏడు చోట్ల 19 కిలోల కమర్షియల్ సిలిండర్, ఒక పెద్ద బర్నరు, రెండు గుండిగలు పెట్టించాం. మూతబడ్డ హోటళ్ల నుంచి గుండిగలు, బర్నర్లు అరువుకు దొరికాయి. అడగగానే ఇచ్చేశారు. నలభై మందికి రెండు పూటలా వండితే ఒక సిలిండర్ ఆరేడు రోజులు వచ్చింది. వండేది వాళ్లే, ఏం వండాలో తేల్చుకునేదీ వాళ్లే. వండి పెట్టిన పొట్లాల కంటే అందరూ దీన్నే ఇష్టపడ్డారు. వారం రోజులుగా వరుసలో నిలబడి చేయి చాచిన మనిషి, గరిటె పట్టుకుని పక్కవాడికి వడ్డిస్తున్నప్పుడు మొహంలో వచ్చిన మార్పు చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

ఫోన్‌లో అడిగే ప్రశ్నలు ఆ రోజే మార్చేశాం. ఎంతమంది? వండుకోవడానికి ఏముంది? అన్నమా, రొట్టెనా? అయిదేళ్ల లోపు పిల్లలున్నారా? సర్కారు బియ్యం అందిందా? అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వం వలస కూలీలకు తలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చేది. సైట్లలో, క్యాంపుల్లో ఉన్నవాళ్లను లెక్కించడం తేలిక కాబట్టి వాళ్లకు ముందు అందింది. అద్దె గదుల్లో చెదిరి ఉన్నవాళ్లలో చాలామంది లెక్కలోకి రాలేదు. మేం ఇది అడక్కుండా మొదట్లో క్యాంపులకు బియ్యం మీద బియ్యం మోశాం. ఒక చోట మనిషికి 22 కిలోల బియ్యం, నూనె మాత్రం చుక్క లేదు. అక్కడి నుంచి రెండు రకాల కిట్లు చేశాం. క్యాంపులకు బియ్యం లేని కిట్: పప్పు, నూనె, ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, మసాలాలు. గదులకు పూర్తి కిట్, అందులోనూ బిహార్, యూపీ వాళ్లకు 5 కిలోల బియ్యం, 5 కిలోల గోధుమపిండి, ఒడిశా వాళ్లకు మొత్తం బియ్యమే. ఒడియా మాట్లాడే అమ్మాయి ఒకరు ఫోన్ల పనికి వచ్చాకే చాలా సంగతులు బయటపడ్డాయి. ఆడవాళ్లు మగ గొంతుకు ఎన్నడూ చెప్పని అవసరాన్ని ఆమెకు మొదటి రోజే చెప్పారు. ఏప్రిల్ 10 నుంచి ఆడవాళ్లున్న ప్రతి గదికీ ప్యాడ్లు విడిగా కాగితంలో చుట్టి పంపాం.

ఏప్రిల్ 8న మంచి కబురు. స్వచ్ఛంద సంస్థలు ఈ-వేలం లేకుండా భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) డిపో నుంచి నేరుగా కిలో బియ్యం 22 రూపాయలకు, గోధుమలు 21కి కొనుక్కోవచ్చన్నారు. ఒకసారికి టన్ను నుంచి పది టన్నుల దాకా. మాకు తోడున్న ఒక నమోదిత సంస్థ పేరుతో 5 టన్నులకు వినతిపత్రం పెట్టాం. 1,10,000 రూపాయలు. బజారులో ఇదే 1,90,000. అయితే డబ్బు ముందే కట్టాలి, కట్టినట్టు రుజువయ్యాకే డిపోకు విడుదల ఉత్తర్వు వెళుతుంది. మేం 9వ తేదీ గురువారం సాయంత్రం ఆరు దాటాక ఆర్టీజీఎస్‌కు, అంటే పెద్ద మొత్తాన్ని బ్యాంకు నుంచి బ్యాంకుకు వెంటనే పంపే పద్ధతికి, పూనుకున్నాం. అప్పటికే వేళ మించిపోయింది. 10న గుడ్ ఫ్రైడే, 11న రెండో శనివారం, 12 ఆదివారం. ఆ రోజుల్లో ఆర్టీజీఎస్ సెలవు రోజుల్లో నడిచేది కాదు. 13న డబ్బు వెళ్లింది, 14న అంబేద్కర్ జయంతి, మళ్లీ సెలవు. 16న బియ్యం చేతికొచ్చింది. అరగంట ఆలస్యానికి ఆరు రోజులు. ఆ ఆరు రోజుల కోసం మళ్లీ 38 రూపాయల బియ్యమే కొన్నాం.

వచ్చినవి 50 కిలోల బస్తాలు వంద. పది కిలోల చొప్పున తూస్తే 500 సంచులు కావాలి, 496 అయ్యాయి. దొంగతనమేమీ లేదు. కాటా మీద ప్రతిసారీ ముల్లు కొంచెం మొగ్గేలా ఒక పిడికెడు పోస్తాం, కొంత కింద ఒలుకుతుంది, కొంత బస్తా కుట్లలో ఇరుక్కుంటుంది. వందకు ఒకటి పోతుందని ముందే రాసుకుంటే లెక్కల దగ్గర ఒకరినొకరు అనుమానించుకునే అవస్థ తప్పుతుంది. మాకు ఒక సాయంత్రం ఆ అవస్థ కూడా అయింది.

గోదాముగా వాడింది ఒక ఫంక్షన్ హాలు. పెళ్లిళ్లు లేక ఖాళీగా ఉంటే యజమాని కిరాయి లేకుండా ఇచ్చారు. ఏప్రిల్‌లో ఒక రాత్రి అకాల వర్షం కురిసి వరండా నుంచి నీళ్లు లోపలికి పారాయి. నేల మీదే పేర్చిన అడుగు వరస బస్తాలు పదకొండు తడిశాయి. భోజనాల బల్లలు అక్కడే గుట్టగా ఉన్నాయి, ఒక్కటి కూడా బస్తాల కింద వేయాలన్న ఆలోచన రాలేదు. తడిసిన బియ్యం తెల్లారి ఎండబోసి, ఆ రోజే ఉమ్మడి వంటలకు పంపేశాం. సంచుల్లో కట్టి ఉంటే ముక్కిపోయేది.

పంపిణీ రోజు రద్దీ గురించి అందరూ భయపెడతారు. రద్దీకి మూలం ఆకలి కంటే అనుమానం. నా దాకా వస్తుందా రాదా అన్నది తేలకపోతే ఎవరైనా తోసుకుంటారు. ముందురోజు సాయంత్రమే గదిగదికీ వెళ్లి టోకెన్ ఇచ్చి, దాని మీద వేళ రాస్తే సగం గోల ఉండదు. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర లోపే ముగించాలి. సున్నంతో గుండ్రాలు గీస్తే జనం నిజంగానే అందులో నిలబడతారు. ఒక్క నియమం మాత్రం తప్పకూడదు: అక్కడున్న జనం కంటే బండిలో కిట్లు తక్కువుంటే బండి తలుపు తీయొద్దు. మేం 40 కిట్లతో వెళ్లిన ఒక చోట 65 మంది వచ్చారు. తలుపు తీశాం. చివర మిగిలిన పాతిక మందిలో ఒక ముసలాయన ఏమీ అనలేదు, ఖాళీ సంచి మడతపెట్టి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ప్రతి బండికీ టోకెన్ల మీద పది శాతం అదనంగా వేశాం. ఆధార్ అడగలేదు, మొహాలు ఫొటో తీయలేదు. దాతలకు బిల్లులు, టోకెన్ల కట్ట ఫొటో తీసి పంపాం. ఇద్దరు తప్ప ఎవరూ ఇంకేమీ అడగలేదు.

పద్దెనిమిదిన్నర కిలోల సంచి తీసుకున్నాక దాన్ని గది దాకా ఎవరు మోస్తారన్నది మేం మరిచిన ఇంకో సంగతి. నెలలు నిండిన మనిషి ఎండలో అర కిలోమీటరు దాన్ని ఈడ్చుకుంటూ పోవడం చూశాక, ప్రతి పంపిణీకీ రెండు తోపుడు బండ్లు ఏర్పాటు చేశాం. రోజుకు 400 చొప్పున, పని లేక కూర్చున్న బండి వాళ్లకే ఇచ్చాం.

14న లాక్‌డౌన్ మే 3 దాకా పొడిగించారు. ఆ రాత్రి ఫోన్లు తీసినవాళ్లలో సరుకులు అడిగినవాళ్లు తక్కువ. రైలు ఎప్పుడు అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోయినా రోజూ చేయడం మాత్రం ఆపలేదు. ఏప్రిల్ మూడో వారం నుంచి ఇంకో ఇబ్బంది మొదలైంది. నంబర్లు ఒక్కొక్కటే మూగబోయాయి. రీఛార్జ్ గడువు అయిపోతే మనం చేసిన ఫోనూ వాళ్లకు వెళ్లదు. 438లో 97 దొరకలేదు. 28 రోజులు వచ్చే 49 రూపాయల రీఛార్జ్ మేమే వేయించాం. బియ్యం కోసం వచ్చిన డబ్బును ఫోన్లకు పెట్టడమేంటని మాలోనే వాదన జరిగింది. మే నెల ఆ వాదన తీర్చేసింది.

మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు వలస కూలీలను సొంత రాష్ట్రాలకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది బయల్దేరింది, దాదాపు 1,200 మందితో. మా గదులకు ఎంతో దూరం లేని స్టేషన్. తెల్లారేసరికి అందరి నోటా అదే మాట. ఇక రేషన్ ఎవరికీ వద్దు. పోలీసు స్టేషన్లో పేరు రాయించుకోవాలి, పిలుపు ఫోన్‌కే వస్తుంది, వచ్చాక చేతిలో రెండు మూడు గంటలకు మించి ఉండదు. ఫోన్ మూగబోయినవాడికి ఆ రైలు లేనట్టే. ఆ వారంలోనే ఇంకో 160 నంబర్లకు రీఛార్జ్ వేశాం.

ఎదురుచూడలేనివాళ్లు నడక మొదలుపెట్టారు. 44వ నంబరు జాతీయ రహదారి మీద మేడ్చల్ దాటి, నాగ్‌పూర్ వైపు. దాదాపు 500 కిలోమీటర్లు, మే నెల ఎండలో. మా కిట్‌లో ఉన్న ఒక్క వస్తువు కూడా వాళ్లకు పనికిరాదు. మొదటి రోజు పప్పన్నం పొట్లాలు తీసుకెళితే మధ్యాహ్నానికే పులిసిపోయాయి, 200 పొట్లాలు పారబోశాం. పులిహోర సాయంత్రం దాకా ఆగింది. అన్నిటికంటే బాగా పనిచేసింది సత్తు, అంటే వేయించిన శనగల పిండి. నీళ్లలో కలుపుకుంటే చాలు, చెడదు, బిహార్, జార్ఖండ్ వాళ్లకు ఇంట్లో అలవాటైన తిండి. మనిషికి అర కిలో సత్తు, పావు కిలో బెల్లం, ఉప్పు పొట్లం, ఓఆర్‌ఎస్ రెండు. కిలో లోపు బరువు. నడిచేవాడికి అంతకు మించి ఇస్తే మైలురాయి దగ్గర వదిలేస్తాడు, వదిలేసిన సంచులు మేం చూశాం. నీళ్లకు సీసా కావాలి, పాకెట్ దాచుకోవడానికి రాదు. చెప్పులు 7, 8, 9 సైజులు మగవాళ్లకు సరిపోయాయి. ఆడవాళ్లకు, పిల్లలకు తేలేదు. ఒక పాపకు నాన్న తన తువ్వాలు చింపి పాదాలకు చుట్టాడు. మర్నాడు పిల్లల చెప్పులు నాలుగు డజన్లు తెచ్చాం, ఆ పాప మళ్లీ కనపడలేదు.

మే 14న వలస కూలీలకు మనిషికి 5 కిలోల ధాన్యం, కుటుంబానికి కిలో శనగలు రెండు నెలల పాటు ఇస్తామని కేంద్రం ప్రకటించింది. మా జాబితాలో అప్పటికే సగం మంది దారిలో ఉన్నారు.

మే చివరికి ఉమ్మడి వంటలు ఏడింటిలో రెండు మిగిలాయి. మొత్తం ఇచ్చిన కిట్లు 2,140. ఎఫ్‌సీఐ బియ్యంతో పూర్తి కిట్ ధర 905 నుంచి 745కు తగ్గింది. చివర 46 కిట్లు మిగిలితే ఇళ్లల్లో పని పోయిన ఆడవాళ్లకు, అదే బస్తీలో ఇచ్చాం. జూన్ 8న గుండిగలు తోమి హోటళ్లకు అప్పగించి, హాలు తాళం ఇచ్చేశాం.

ఆ వారమే 438 నంబర్లకూ చివరిసారి ఫోన్ చేశాం. 203 మంది ఊరు చేరామన్నారు. 88 మంది ఇక్కడే ఉన్నారు, పని మళ్లీ మొదలైందన్నారు. మిగిలిన 147 నంబర్లలో కొన్ని ఇంకెవరివో అయ్యాయి, కొన్ని మోగుతూనే ఉన్నాయి. మొదట్లో ఎనిమిది మందికి ఒక్క కిట్ పంపిన గది నంబరు కలిసింది. గయ దగ్గర క్వారంటైన్‌లో ఉన్నారట, ఎనిమిది మందీ ఒక్క చోటే.